క్వార్టర్ అక్కడ, సొంతిల్లు ఇక్కడ: నెల్లూరు, ప్రకాశం మిలటరీ కుటుంబాలు ఏ సీజన్‌లో ఏం చేసుకోవాలి

గిద్దలూరు, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు, ఏ ఊరివాళ్లయినా సరే, ఇంట్లో ఆయన ఆర్మీలో ఉన్నాడంటే ఆ ఇల్లాలు రెండు ఇళ్లు చూసుకోవాలి. ఊళ్లో కట్టుకున్న ఇల్లు ఒకటి, ఆయన పనిచేసే స్టేషన్‌లో ఇచ్చే ఫ్యామిలీ క్వార్టర్ ఒకటి. మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కంటోన్మెంట్ (సైన్యం, దాని క్వార్టర్లు ఉండే ప్రాంతం) లేదు కాబట్టి క్వార్టర్ ఎలా ఉంటుందో, అక్కడ కుళాయి కారితే ఎవరికి చెప్పాలో, ఏ కాగితం ఎక్కడ అడుగుతారో పెళ్లయి రైలెక్కేదాకా మనకు చెప్పేవాళ్లు ఉండరు. పైగా రెండు చోట్లా కాలాలు వేరు. ఇక్కడ పెన్న పొంగే నెలల్లోనే అక్కడ చలి ముదురుతుంది. ఇక్కడ రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఎండల్లో అక్కడ సామాన్లు సర్దుకుని ఇంకో స్టేషన్‌కు కదలాల్సి వస్తుంది.

కొత్తగా క్వార్టర్‌కు వెళ్తున్న అమ్మాయిలు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఏ పనైనా ఆ సీజన్ రావడానికి నెల ముందే, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే ముగించేయండి. ఎక్సర్‌సైజ్ (యుద్ధ అభ్యాసం) అనో, ఫీల్డ్ (కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోట డ్యూటీ) అనో ఆయన వెళ్లిపోయాక సంతకం కావాలన్నా దొరకదు, ఒక్కోసారి ఫోను కూడా కలవదు. అక్కడ ఆయన డ్యూటీలో ఉండి ఇంటి గురించి టెన్షన్ పడటం కంటే ఇక్కడ మనం నాలుగు పనులు ముందుగా చేసుకోవడం ఎంతో నయం.

తాళంచెవి చేతికొచ్చిన రోజు

క్వార్టర్ కోసం యూనిట్ ద్వారా పేరు రాయించుకుంటే సీనియారిటీ ప్రకారం వంతు వస్తుంది. వంతు వచ్చిందని తెలియగానే ఆనందంతో సామాను ఎత్తుకుని వెళ్లిపోకండి. ముందు ఖాళీ ఇల్లు చూడాలి. టేకోవర్ రోజున ఎంఈఎస్ (క్వార్టర్లు కట్టి, మరమ్మతులు చూసే మిలటరీ ఇంజనీరింగ్ విభాగం) తరఫున ఒకరు, యూనిట్ తరఫున ఒకరు వచ్చి ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ లిస్టు ప్రకారం చూపించి సంతకం తీసుకుంటారు. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబ్‌లైట్లు ఎన్ని, గీజరు ఉందా, కిటికీ అద్దాలు పగిలాయా, మంచాలు బల్లలు ఇస్తే అవి ఎలా ఉన్నాయి, అన్నీ అందులో ఉంటాయి. ఆ సంతకానికి తొందర పడొద్దు. ప్రతి స్విచ్చూ వేసి చూడండి, ప్రతి కుళాయీ తిప్పండి, ఫ్లష్ నొక్కండి, తలుపు గడియ పడుతుందో లేదో చూడండి. పగిలింది పగిలినట్టు, పనిచేయనిది పనిచేయనట్టు లిస్టులోనే రాయించి, గది గదికీ ఫొటోలు తీసి తేదీతో దాచుకోండి. ఎందుకంటే ఖాళీ చేసే రోజున ఇదే లిస్టు పట్టుకుని వస్తారు. అప్పుడు తక్కువ పడినదానికి, విరిగినదానికి బ్యారక్ డ్యామేజ్ కింద ఆయన దగ్గరే వసూలు చేస్తారు. మీకంటే ముందున్నవాళ్లు పగలగొట్టిన అద్దానికి మీరు డబ్బు కట్టకూడదంటే ఈ ఒక్క పూట ఓపిక పట్టాలి. కరెంటు మీటరు రీడింగు కూడా ఆ రోజే ఫొటో తీయండి.

సామాను దించాక మొదట తెలుసుకోవాల్సింది ఎంఈఎస్ కంప్లైంట్ ఎక్కడ రాయాలో. అక్కడ రెండు విభాగాలుంటాయి. గోడ, తలుపు, పైపు, పైకప్పు లాంటివి బీఆర్ వాళ్లు చూస్తారు, కరెంటు, మోటార్లు, గీజర్ల పని ఈఎం వాళ్లు చూస్తారు. కరెంటు పని కోసం బీఆర్ వాళ్ల చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. కంప్లైంట్ రాశాక నంబరు, తేదీ ఒక నోట్‌బుక్‌లో మీరూ రాసుకోండి. నంబరు లేకుండా "చెప్పాం కదా" అంటే అక్కడ పని జరగదు. నంబరుతో అడిగితే ఎవరూ కాదనలేరు. సొంతంగా ప్లంబర్ని పిలిచి పైపులు మార్పించడం, వెనక రేకుల షెడ్డు వేయడం లాంటివి మాత్రం వద్దు, అనుమతి లేకుండా వేసినవి తీసేయమంటారు, డబ్బు దండగ.

నీళ్లు చాలా స్టేషన్లలో టైము ప్రకారమే వస్తాయి. పక్కింటివాళ్లను మొదటి రోజే అడిగి డ్రమ్ములు సిద్ధం చేసుకోండి.

పేర్లు, కాగితాలు: మన తెలుగువాళ్లకు ఉండే అసలు చిక్కు

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆయన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, సర్వీసు రికార్డులో ఇంకోలా ఎక్కి ఉంటుంది. మీ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు. పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో ఆసుపత్రి వాళ్లు విన్నట్టు రాసిన స్పెల్లింగు. ఇవన్నీ మన ఊళ్లో నడిచిపోతాయి. అక్కడ ఒక్క అక్షరం తేడా ఉన్నా డిపెండెంట్ కార్డు ఆగుతుంది, మిలటరీ హాస్పిటల్‌లో పేరు దొరకదు, రేపు ఆయన రిటైరైతే పెన్షన్ కాగితాల్లో మళ్లీ మొదటి నుంచి తిరగాలి. భగవంతుడు అలాంటి రోజు తేకూడదు గానీ, ఆయనకేమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ కోసం భార్య ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన కారణం చాలాసార్లు ఈ స్పెల్లింగే.

కాబట్టి వరసగా ఇలా చేయండి. ముందు ఆయన సర్వీసు రికార్డులో ఆయన పేరు, మీ పేరు, పుట్టిన తేదీలు ఎలా ఉన్నాయో ఆయన చేత యూనిట్ ఆఫీసులో చూపించుకుని అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీకు ఆధారం. తర్వాత మీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ దాని పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఏది మార్చడం తేలికో యూనిట్ క్లర్కును అడిగి అది మార్పించండి. పెళ్లి కాగానే మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి. పార్ట్ టూ ఆర్డర్ అంటే పెళ్లి, పిల్లలు పుట్టడం లాంటి మార్పులు ఆయన రికార్డులో ఎక్కించే ఆర్డరు. అది పడితేనే ఆర్మీ లెక్కలో మీరు కుటుంబం అవుతారు. పురిటికి నెల్లూరో ఒంగోలో పుట్టింటికి వస్తారు కదా, అప్పుడు ఆసుపత్రిలో తండ్రి పేరు నోటితో చెప్పకండి, రాసిన కాగితం చూపించండి. బర్త్ సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడికక్కడే చదివి, తప్పుంటే ఆ వారంలోనే దిద్దించండి. బిడ్డ పేరు ముందే అనుకుని సర్టిఫికెట్‌లో పెట్టించుకుంటే ఇంకా మంచిది.

వీటితోపాటు ఆయన జీతం పడే ఖాతాలో నామినీ ఎవరో అడగండి. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో పెట్టి అలాగే వదిలేసినవాళ్లు ఉంటారు. అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదు ఇది.

సొంతూళ్లో ఇల్లు మీ ఇద్దరిలో ఎవరి పేరున ఉన్నా ఇంకో పని ఉంది. గ్రామ పంచాయతీల పరిధిలో సర్వీసులో ఉన్న సైనికుల ఇంటికి ఆస్తి పన్ను మినహాయిస్తున్నట్టు 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు రిటైరైనవాళ్లకు, సరిహద్దుల్లో ఉన్నవాళ్లకే ఆ వెసులుబాటు ఉండేది. యూనిట్ నుంచి సర్వీసు సర్టిఫికెట్ తీసుకుని లీవులో వచ్చినప్పుడు పంచాయతీ కార్యదర్శిని కలవండి. దారి తెలియకపోతే నెల్లూరులో, ఒంగోలులో ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అడగండి. ఆ ఆఫీసు రిటైరైనవాళ్లదే అనుకుంటారు గానీ, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాల సమస్యలూ అక్కడ వింటారు. ఆయన దూరంగా ఉన్నాడని పొలం గట్టు జరిపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అలాంటిది జరిగితే ఆయన తన కమాండింగ్ ఆఫీసర్ ద్వారా జిల్లా కలెక్టరుకు, ఎస్పీకి లెటరు పంపించవచ్చు. మీరు ఆ లెటరు కాపీ తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రెండు వైపుల నుంచీ వెళ్లిన అర్జీకి కదలిక త్వరగా వస్తుంది.

సెప్టెంబరు నెలాఖరు: ఊళ్లో ఇల్లు వానకు సిద్ధం

మనకు అసలు వాన ఆషాఢ శ్రావణాల్లో కాదు. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో పడుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మనం పిల్లల బడుల కోసం క్వార్టర్‌లో ఉంటాం, ఇక్కడ ఇంటికి తాళం ఉంటుంది. లేదా ఇంట్లో అత్తమ్మా మామయ్యా మాత్రమే ఉంటారు.

దసరా సెలవులకు వచ్చినప్పుడే మిద్దె ఎక్కి నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి. ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించండి. మోటారు స్టార్టరు నేలకు దగ్గరగా ఉంటే పైకి మార్పించండి. పొలం పాస్‌బుక్కులు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇనప బీరువా కింద అరలో పెట్టడం మన అలవాటు. వాటిని ప్లాస్టిక్ కవర్లలో కట్టి పై అరకు మార్చండి, అన్నిటికీ ఫోనులో ఫొటోలు తీసి ఆయనకూ పంపండి. ఇంటికి తాళం వేసి వెళ్తుంటే మెయిన్ ఆపేసి, గ్యాస్ రెగ్యులేటరు తీసేసి, ఒక తాళంచెవి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర పెట్టండి. వాళ్లకు ఆయన నంబరు, మీ నంబరు, మీ అన్నదో తమ్ముడిదో నంబరు, మూడూ ఇవ్వండి.

పెద్దవాళ్లు మాత్రమే ఉంటే బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా ఇంట్లో ఉండాలి. టార్చిలైటు, ఛార్జింగ్ పెట్టిన పవర్ బ్యాంకు ఉండాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో ఈ నంబర్లు రాసి అతికించండి: విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070, 18004250101, అత్యవసరానికి 112, కరెంటుకు 1912. తీగలు తెగిపడితే దగ్గరకు వెళ్లకుండా 1912కి ఫోను చేయాలని మామయ్యకు మరీ మరీ చెప్పండి, మగవాళ్లు కర్ర పట్టుకుని వెళ్తారు.

టీవీలో కృష్ణపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని చెప్పగానే క్వార్టర్‌లో కూర్చున్న మనకు గుండె దడ మొదలవుతుంది. ఆ నంబర్లు సముద్రంలో ఉన్న ఓడల కోసం. ఇంటి విషయానికి వాతావరణ శాఖ జిల్లాకు ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు చూడండి. నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని. పెన్న ఒడ్డునో, చెరువు కిందో ఇల్లుంటే, ఎరుపు రాగానే ఇంకేమీ ఆలోచించకుండా పెద్దవాళ్లను మెరక మీదున్న బంధువుల ఇంటికి మార్పించేయండి. ఇంటి సామాను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆయన లీవులో ఉండగా తుఫాను వస్తే ఇంకో సమస్య. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల నుంచి పెన్నకు విపరీతంగా నీళ్లు వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, అక్కడే జాతీయ రహదారికీ గండి పడింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2025 అక్టోబరు చివర్లో మొంథా వచ్చినప్పుడు రైళ్లు రద్దయ్యాయి. లీవు ముగిసే రోజుకు రైలు లేదంటే ఆయనకు కాళ్లు ఆడవు. అప్పుడు చేయాల్సింది, లీవు అయిపోకముందే యూనిట్‌కు ఫోను చేసి చెప్పడం, చెప్పినట్టు మెసేజ్ కూడా పెట్టడం, రైలు రద్దయిన మెసేజ్, టికెట్ కాపీ దాచుకోవడం. అసలు నవంబరు లీవుకు వస్తే తిరుగు ప్రయాణం ఆఖరి రోజున కాకుండా రెండు రోజులు ముందుకే పెట్టుకోమనండి.

అదే నెలల్లో అక్కడ చలి

మనం పుట్టి పెరిగిన చోట చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒక దుప్పటి. పఠాన్‌కోట్, జమ్మూ, జోధ్‌పూర్ వైపు వెళ్తే అలా కాదు. ఉన్ని బట్టలు ఇక్కడి నుంచి కొనుక్కుని వెళ్లొద్దు, అక్కడ తక్కువ ధరకు మంచివి దొరుకుతాయి. పిల్లలకు లోపల వేసే థర్మల్ బట్టలు, సాక్సులు ముందు కొనండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది నిప్పుతో. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి నిద్రపోవద్దు. ఏ పరిస్థితిలోనూ వద్దు. బొగ్గు సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ప్రతి చలికాలం ఉత్తరాదిలో ఇలా కుటుంబాలకు కుటుంబాలే పోతున్నాయి. కొండల్లో కిరోసిన్ బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) ఇస్తే దాని పొగగొట్టం బయటకు సరిగ్గా ఉందో లేదో చూపించుకుని, పడుకునే ముందు ఆర్పేయండి. కరెంటు హీటరైతే ఐఎస్ఐ గుర్తున్నది కొని పెద్ద ప్లగ్గులో మాత్రమే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే వైరు కాలిపోతుంది. కిటికీ ఒకటి కాస్త తెరిచే ఉంచండి.

ఇక వంటింట్లో. దోసెపిండి పులవడం లేదని అందరూ అడుగుతారు. మినప్పప్పు రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడి, పిండి గిన్నెను హాట్ ప్యాక్‌లోనో పాత రగ్గులోనో చుట్టి పెట్టండి, ఒక పూట ఎక్కువ పట్టినా పులుస్తుంది. మన బియ్యం అక్కడ దొరకడం కష్టం, ఇచ్చే రేషన్ బియ్యం మన నోటికి అంత పట్టదు, అందుకని లీవు నుంచి వెళ్లేటప్పుడు ఒక బస్తా సన్న బియ్యం పట్టుకెళ్లడం అందరూ చేసేదే. చింతపండు, కారం, గోంగూర పచ్చడి, మెంతులు కూడా. పచ్చళ్లు గాజు సీసాల్లో కాకుండా మూత బిగుసుకునే స్టీలు డబ్బాల్లో పెట్టి పైన ప్లాస్టిక్ కవరు కట్టండి. రైల్లో నూనె కారితే పక్కవాళ్ల సామానుకూ ఇబ్బంది.

సంక్రాంతి, రైలు టికెట్లు, క్వార్టర్స్‌లో పండగ

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. 2024 నవంబరు 1కి ముందు అది 120 రోజులు ఉండేది. కాబట్టి సంక్రాంతికి రావాలంటే నవంబరు రెండో వారంలో, తెరిచిన రోజు పొద్దున్నే చేయాలి. గ్రాండ్ ట్రంక్, నవజీవన్ లాంటివి నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపువాళ్లు విజయవాడ దాకా చేసుకుని గుంటూరు-గుంతకల్ లైనులో మారడం తేలిక. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వైపు పొగమంచుకు రైళ్లు గంటలు గంటలు లేటవుతాయి, అందుకని మారే రైలుకు మధ్య అరపూటైనా ఖాళీ ఉంచుకోండి. పిల్లలుంటే పాలపొడి, బిస్కెట్లు, ఇంకో పూట భోజనం ఎక్కువ కట్టుకోండి.

రాలేకపోతే దిగులు పడకండి. అక్కడ పంజాబీ వాళ్లు జనవరి 13 సాయంత్రం లోహ్రీ మంట వేస్తారు, మన భోగి మంట ఒకరోజు అటూ ఇటూ తెల్లవారుజామున. ముందుగా బ్లాకులో అడిగి, అనుమతి ఉన్న చోట మీ భోగి పిడకలూ వాళ్ల మంటలోనే వేయొచ్చు. మన తెలుగు ఆడవాళ్లు నలుగురు కలిసి ముగ్గులు పెట్టి, పిల్లలకు భోగిపళ్లు పోస్తే బ్లాకంతా చూడటానికి వస్తుంది. పొంగలి చేసి పక్కింటికి పంపండి, వాళ్లు రేవడీలు, గజక్ లాంటి నువ్వుల మిఠాయిలు పంపిస్తారు. జనవరి 15 ఆర్మీ డే కూడా కాబట్టి యూనిట్‌లో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. నాన్న చేసే పని ఏమిటో వాళ్లకు అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

క్వార్టర్స్‌లో జరిగే వెల్ఫేర్ మీటింగులకు వెళ్లడానికి హిందీ రాదని మొహమాటపడేవాళ్లు మనలో ఎక్కువ. వెళ్లండి. కుళాయి నుంచి బడి బస్సు దాకా అన్ని సమస్యలూ అక్కడే చెప్పుకుంటారు. రెండు నెలలు వింటే హిందీ దానంతట అదే వస్తుంది. అలాగే ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడండి, రోజూ ఒక పది నిమిషాలు అక్షరాలు దిద్దించండి. లేకపోతే సెలవులకు వచ్చినప్పుడు అవ్వ ఏం చెబుతుందో వాళ్లకు అర్థం కాదు.

నెల్లూరు వచ్చేవాళ్లకు ఇంకో మాట. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గా రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. ఇంటి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని కోరికను బట్టి చెరువులో నిలబడి మార్చుకుంటారు. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈ మధ్య జూన్, జూలైల్లో పడుతోంది. వెళ్లాలనుకుంటే తేదీ చూసుకుని లీవు అడగండి. వెళ్లకపోతే ఆ రోజుల్లో నెల్లూరులో బస గానీ రైలు టికెట్ గానీ కష్టమని గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలం సెలవులు

మే నెలలో పిల్లలతో ఊరికి వచ్చేటప్పుడు క్వార్టర్ నెలకు పైగా తాళంలో ఉంటుంది. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచండి, గ్యాస్ ఆపండి, కూలరులో నీళ్లు పూర్తిగా తీసేయండి. వారం రోజులు నిలవ ఉన్న నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెట్టి పెరుగుతుంది, వాన మొదలయ్యేసరికి బ్లాకంతా జ్వరాలు. క్వార్టర్ తాళం వేసి వెళ్తున్నట్టు యూనిట్‌లో చెప్పి వెళ్లండి.

ఇక్కడ కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అలవాటు లేని పిల్లలకు ఆ నీళ్లు తాగడానికి ఇవ్వొద్దు, వంటకు కూడా క్యాను నీళ్లే వాడండి. పదకొండు నుంచి నాలుగు దాకా బయటకు పంపకుండా మజ్జిగ, తాటిముంజలు పెట్టండి చాలు.

క్యాంటీన్, ఫోన్లు

లీవుకు వస్తున్నామంటే బంధువులు, ఊళ్లో పెద్దమనుషులు "మిలటరీ మందు" ఒక సీసా తెమ్మంటారు. క్యాంటీన్ సరుకు ఆయనకూ ఆయన మీద ఆధారపడ్డవాళ్లకూ ఇచ్చింది. బయట అమ్మితే నేరం, దొరికితే ఆయన ఉద్యోగం మీదికే వస్తుంది. మొదటిసారే సౌమ్యంగా కుదరదని చెప్పేయండి. ఒకసారి తెస్తే ఇక ప్రతిసారీ తేవాలి.

ఫోను విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. గేటు, యూనిట్ బోర్డు, ఆయన యూనిఫాం, బండ్ల వరుస, ఇవేవీ స్టేటస్‌లో పెట్టొద్దు. "రేపు మూవ్ అవుతున్నారు" లాంటి మాటలు చుట్టాల గ్రూపుల్లో కూడా రాయొద్దు. ఆఫీసు నుంచి అంటూ ఫోను చేసి ఆయన ఎక్కడున్నాడు, ఎంతమంది వెళ్లారు అని ఎవరు అడిగినా, ఎంత పెద్ద హోదా చెప్పినా, "ఆయన్నే అడగండి" అని పెట్టేసి వెంటనే యూనిట్‌లో చెప్పండి. ఇంకో రకం మోసం మన ఊళ్లలోనే నడుస్తోంది. ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ వచ్చింది, బండి తక్కువకు అమ్ముతున్నా అని నకిలీ ఐడీ కార్డు చూపించి అడ్వాన్సు లాగేస్తారు. మిలటరీ వాడు కదా అని నమ్మి మోసపోతున్నారు. మీ ఊళ్లోవాళ్లకు మీరే చెప్పండి, మీ మాట వింటారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

పోస్టింగ్ వచ్చినప్పుడు

ఆర్డరు రాగానే మొదట పిల్లల బడి. కేంద్రీయ విద్యాలయంలో చదువుతుంటే కొత్త చోట ఉన్న కేవీలో చేర్చడం తేలిక, కేవీ టీసీతో పాటు ఆయన పోస్టింగ్ ఆర్డరు కాపీ పెట్టుకోండి. ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చి మీరు ఇక్కడికి రావాలనుకుంటే నెల్లూరులో, ఒంగోలులో కేవీలు ఉన్నాయి. రావడం ఇష్టం లేకపోతే ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాల కోసం వేరుగా క్వార్టర్లు ఇచ్చే పద్ధతి ఉంది, దానికి ముందుగానే దరఖాస్తు చేయాలి. అత్తమామలతో, పిల్లల చదువుతో ముడిపడిన నిర్ణయం కాబట్టి ఆయన వెళ్లకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి సిలిండరు, రెగ్యులేటరు ఇచ్చేసి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోండి. కొత్త ఊళ్లో ఆ వోచరు చూపిస్తే కనెక్షన్ వస్తుంది. బండి కొత్తగా కొనేటప్పుడు బీహెచ్ సిరీస్ తీసుకుంటే రాష్ట్రం మారినప్పుడల్లా మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే బాధ ఉండదు, 2021 నుంచి మిలటరీ వాళ్లకు ఆ సదుపాయం ఉంది. మామూలు నంబరున్న పాత బండిని అలాగే ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే మాత్రం ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి.

సామాను సర్దేటప్పుడు కాగితాల సంచి మీ చేతిలోనే ఉండాలి, లారీలో పంపొద్దు. గోడలకు కొట్టిన మేకులు తీసి కన్నాలు పూడ్పించండి, స్టవ్ వెనక మరకలు కడిగించండి. హ్యాండోవర్ రోజున మీరు దాచుకున్న మొదటి రోజు ఫొటోలు, కంప్లైంట్ నంబర్లు రాసిన నోట్‌బుక్ బయటకు తీయండి. లిస్టు ప్రకారం అన్నీ చూపించి, కరెంటు నీళ్ల బిల్లు కట్టేసి, బాకీ లేదని సంతకం చేసిన కాగితం చేతికి వచ్చాకే తాళంచెవి ఇవ్వండి. ఆ కాగితం ఇంకో రెండు పోస్టింగుల దాకా పారేయొద్దు, వసూళ్ల లెక్క ఆలస్యంగా వస్తే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.